దుప్పటికి రెండు కొసలు

మూడో మూట ముడి విప్పేసరికి మేస్త్రమ్మ నడుం పట్టేసింది. అయినా ఆమె లేవలేదు. రక్తం ఎండి అట్టలా బిగుసుకున్న ఆకుపచ్చ గుడ్డను మెల్లగా విడదీసి, గట్టిగా దులిపి, చన్నీళ్ళ తొట్టిలో వేసింది. వేన్నీళ్ళు తగిలాయంటే ఆ మరక ఇక గుడ్డను వదలదు. దులపకుండా వేస్తే లోపల ఏ కత్తెరో, ఏ సూదో ఉండిపోయి ఉతికే యంత్రం డ్రమ్మును నాశనం చేస్తుంది. ఆపరేషన్ గది మూటల్లో ఏముంటుందో చెప్పలేం. ఒకసారి ఎవరో డాక్టరుగారి కళ్ళజోడు దొరికింది. ఇంకోసారి కట్టుడు పళ్ళు దొరికాయి. వాటి సొంతదారెవరో ఇప్పటికీ తేలలేదు.

ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉన్న ఆ ఉతుకుగదికి ఆమె పెద్ద. పెద్ద అన్నమాటే గాని మనిషి పొట్టి. తలకు బిగించి కట్టిన గుడ్డ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడ్డ వేళ్ళు, ఎడమ ముంజేతి మీద ఇస్త్రీ రోలరు కాల్చిన పాత మచ్చ. బజారులో ఎదురుపడినవాళ్ళెవరూ ఆమెను రెండోసారి తిరిగి చూడరు. అంత మామూలు మనిషి.

బుట్టలన్నిటిలోకీ రోత బుట్ట ఏదైతే అది మేస్త్రిది. ఇది ఆమె పెట్టిన పద్ధతి. పెద్దరికం వచ్చిన మొదటిరోజే ఆమె పోయి ఆ బుట్ట ముందు చతికిలబడితే అందరూ నవ్వారు. మేస్త్రి అయ్యాక కూడా ఇదేం కర్మ అన్నారు. "ప్రభువు కూర్చుని శిష్యుల కాళ్ళు కడిగాడు. నేను రోగుల గుడ్డలు విప్పడానికి నామోషీ పడాలా?" అంది ఆమె. నవ్వినవాళ్ళు కొన్నాళ్ళకు నవ్వడం మానేశారు. ఆ బుట్ట ఆమె చేస్తున్నంతకాలం మిగతా బుట్టల గురించి పేచీ పెట్టుకోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

అంతకుముందు ఆ గదిలో ఎవరి గోల వారిదే. సబ్బుపొడి డబ్బాను ఒకరికి తెలియకుండా ఒకరు దాచేవారు. తప్పు జరిగితే చెప్పడానికి మేడమీది ఆఫీసుకు పోటీలు పడి పరిగెత్తేవారు. ఐకమత్యం గురించి లోకంలో ఉపన్యాసాలకు కొదవ లేదు. విన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టి, బయటికొచ్చి బస్సులో సీటు కోసం జుట్లు పట్టుకుంటారు. మేస్త్రమ్మకు ఉపన్యాసం ఇవ్వడం రాదు. గుడికో చర్చికో రమ్మని ఎవర్నీ పిలవలేదు. పొద్దున పని మొదలుపెట్టే ముందు తల వంచి, అందరికీ వినపడేట్టు ఒకటే ప్రార్థన చేసేది: "ప్రభువా, ఇవాళ మేం ఒకరిమీద ఒకరం పడి కొట్టుకోకుండా చూడు. గుడ్డల సంగతి మేం చూసుకుంటాం." బాయిలరు చూసే ముసలాయన్ని అందరూ పొగబాబాయి అంటారు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. "ఆయన నా జోలికి రాడు, నేను ఆయన జోలికి పోను" అంటూనే, ఆ ప్రార్థన వేళకు తలపాగా తీసి గుమ్మంలో నిలబడేవాడు.

ఆమె పెట్టిన పద్ధతులు ఇంకో రెండున్నాయి. ఒకరి తప్పు ఒకరికి కనబడితే ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్ళి, మొహం చూసి చెప్పాలి. వినకపోతే ఇంకొకర్ని వెంటపెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే గదిలో అందరి ముందూ పెట్టాలి. బైబిలు వాక్యంలో ఉన్న వరస అదే. ఆ వరసలో మేడమీది ఆఫీసు ఎక్కడా లేదని ఆమె వాదన.

రెండోది దుప్పట్ల సంగతి. ఆస్పత్రి దుప్పటిని ఒక్క మనిషి మడతపెట్టలేడు. చెరో కొసా పట్టుకుని, లాగి, ఎదురెదురుగా నడిచొచ్చి, చేతిలో చెయ్యి కలిపితేనే మడత పడుతుంది. ఆ గదిలో ఎవరైనా ఇద్దరు తగువు పడితే, ఆ పూట చివరి దుప్పట్లు వాళ్ళిద్దరే మడతపెట్టాలి. కోపాన్ని ఇంటికి మోసుకెళ్ళకూడదని, దానిమీద పొద్దుగూకనివ్వకూడదని ఆమె పంతం. మాట్లాడుకోమని ఎవరూ చెప్పరు. కాకపోతే అన్నిసార్లు ఎదురెదురుగా నడిచొచ్చి, వేళ్ళకు వేళ్ళు తగిలాక, మూతి ముడుచుకుని ఉండటం ఎవరి తరమూ కాదు. ఏదో ఒకటి నోట్లోంచి వస్తుంది. ఒక్కోసారి తిట్టే వస్తుంది. అయినా ఫరవాలేదనేది మేస్త్రమ్మ.

అలాంటి గదికి నిన్న పరువు పోయింది. తెల్ల దుప్పట్ల కుప్పలో ఒక కొత్త ఎర్ర రగ్గు కలిసిపోయి, డ్రమ్ములోకి వెళ్ళి, తనకున్న రంగంతా దానం చేసి బయటికొచ్చింది. దుప్పట్లన్నీ లేత గులాబీ రంగుకు తిరిగాయి. బ్లీచింగులో నానబెట్టినా వదల్లేదు. వేరే గతి లేక కొన్నిటిని పైకి పంపితే, కాలు విరిగి మంచంలో ఉన్న ఒక పెద్దాయన, "నన్ను పెళ్ళికొడుకుని చేస్తున్నారా ఏంటి?" అని అడిగాడట. వార్డు వార్డంతా నవ్వింది. మేనేజరుకు మాత్రం నవ్వు రాలేదు. కిందికి దిగొచ్చి మేస్త్రమ్మను పిలిచి, "ఎవరు చేశారో రేపు పని అయ్యేలోగా ఒక్క పేరు చెప్పండి. ఆ మనిషిని తీసేస్తాం. చెప్పకపోతే మీరు వెళ్ళాల్సి వస్తుంది" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రేపు ఈరోజే.

పొద్దున ఇంట్లో ఆమె భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇదే అడిగాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి, మోకాళ్ళు అరిగి, ఇంటిపట్టున ఉన్నాడు.

"చెప్తావా?"

"చెప్పను."

"అయితే రేపట్నుంచి ఇంట్లోనే ఉంటావన్నమాట. నా బతుకేం కావాలి?" అన్నాడాయన. "నువ్వు ప్రభువు దగ్గరికెళ్ళినా ఆయన పక్కదుప్పటి మడత సరిగ్గా లేదని సతాయిస్తావు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. నిజానికి ఆమెకు భయంగానే ఉంది. ఆ గది తప్ప ఆమెకు ఇంకో పని తెలియదు. ఇల్లంటే రాత్రి పడుకునే చోటు, బతికింది మాత్రం ఆ ఆవిరిలోనే. పేరు తెలియక కాదు. రగ్గును డ్రమ్ములో వేసింది ఎవరో ఆమెకు నిన్ననే తెలుసు.

వేసింది కోపాలమ్మ. అది అసలు పేరు కాదు, ముక్కుమీద కోపమని అందరూ అలా పిలుస్తారు. డ్రమ్ములు నింపే పని ఆ పిల్లది. పిల్ల అంటే మరీ పిల్ల కాదు, ఇద్దరు బిడ్డల తల్లి. మనసు వెన్న, నోరు మాత్రం నిప్పు. మొగుడు వదిలేసి పోయాక ఈ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది.

మధ్యాహ్నం అన్నాల వేళ కోపాలమ్మ డబ్బా మూత కూడా తీయలేదు. పొగబాబాయి ఆమెవంక చూసి, మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. చిరిగినవి కుట్టే పిన్ని నీళ్ళ గ్లాసు ఆ పిల్ల ముందుకు జరిపింది. రోలరు మీద పనిచేసే పొడుగాయన మాత్రం గోడవైపు తిరిగి అన్నం కెలుకుతున్నాడు. ఆ గోడమీద మేనేజరు అంటించిన రంగుల కాగితం ఉంది. చేతుల మీద చేతులు వేసి నవ్వుతున్న మనుషుల బొమ్మ, కింద 'ఒకే జట్టు, ఒకే గమ్యం' అన్న మాటలు. ఆవిరికి పైకొసలు ఊడి, ఆ నవ్వే మనుషులు ముందుకు వాలి వేలాడుతున్నారు.

"నేను పైకి పోతాను" అంది కోపాలమ్మ ఉన్నట్టుండి. "నేనే చేశానని చెప్తాను. నా మూలంగా మీరెందుకు పోవాలి?"

"కూర్చో."

"కూర్చోను. చేసింది నేనేగా!"

"నువ్వొక్కదానివే చేసుంటే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని" అంది మేస్త్రమ్మ. "ఎన్నేళ్ళుగా డ్రమ్ము నింపుతున్నావు? ఎర్ర రగ్గు కళ్ళబడకపోవడానికి నువ్వేమన్నా గుడ్డిదానివా? ఆ పూట నీ కళ్ళు ఎక్కడున్నాయి?"

కోపాలమ్మ మళ్ళీ కూర్చుంది. ఆమె కళ్ళు ఎక్కడున్నాయో మేస్త్రమ్మకు తెలుసు. మొన్న సాయంత్రం ఆమెకూ పొడుగాయనకూ పెద్ద తగువైంది. ఉన్నది ఒకటే ఫ్యాను. డ్రమ్ముల వైపు తిప్పాలా, రోలరు వైపు తిప్పాలా అన్నది పేచీ. అలాంటివి ఆ గదిలో రోజూ ఉండేవే. కానీ మాట మీద మాట పెరిగి కోపాలమ్మ నోరు జారింది. "నీ నస భరించలేకే మీ ఆవిడ చచ్చిపోయింది" అంది. పొడుగాయన భార్య పోయి ఏడాది కాలేదు. ఆయన ఫ్యాను తీసుకెళ్ళి ఆమె వైపు తిప్పేసి రోలరు దగ్గర నిలబడ్డాడు.

మామూలుగా అయితే ఆ పూట చివరి దుప్పట్లు వాళ్ళిద్దరికీ పడేవి. కానీ అదే వేళకు మేస్త్రమ్మను పైకి పిలిచారు. మేనేజరు ఎక్కడినుంచో ఒక పెద్దమనిషిని పిలిపించి, విభాగాల పెద్దలందరికీ జట్టును ఎలా కలిపి ఉంచాలో శిక్షణ ఇప్పిస్తున్నాడు. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఒకరికొకరు దూదిబంతి విసురుకోమన్నారు. ఆమె విసిరింది, పట్టుకుంది, చప్పట్లు కొట్టమంటే కొట్టింది. ఆ శిక్షణ ముగిసి కిందికొచ్చేసరికి గది ఖాళీ. దుప్పట్లను ఎవరో ఎలాగోలా మడిచి పడేశారు. ఆ ఇద్దరూ తమ తమ కోపాలను ఇళ్ళకు మోసుకెళ్ళి, నిన్న పొద్దునే మళ్ళీ మోసుకొచ్చారు.

అందుకే ఇప్పుడు తినడం అయ్యాక ఆమె చేతులు కడుక్కుని, మూలన పడి ఉన్న గులాబీ కుప్ప దగ్గరికెళ్ళింది. పైనుంచి వెనక్కి వచ్చినవన్నీ అక్కడే ఉన్నాయి.

"రండి ఇద్దరూ. ఇవి మడతపెట్టాలి."

పొడుగాయన లేచి వచ్చాడు గాని చెయ్యి చాపలేదు. "పారేయమన్నారుగా అమ్మా. పారేసేవాటికి మడతెందుకు?"

"పారేసేది వాళ్ళు. మడతపెట్టేది మనం. పట్టుకో."

ఇద్దరూ చెరో కొసా అందుకున్నారు. మేస్త్రమ్మ బల్ల దగ్గర నిలబడి, మడతపెట్టి ఇచ్చినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చింది. లాగారు, నడిచారు, కొసలు కలిపారు. ఆయన ఎత్తుకు ఆమె మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చేది. ఎప్పుడూ ఆయన కొంచెం వంగేవాడు. ఇవాళ వంగలేదు. కుప్ప తరుగుతోంది గాని నోళ్ళు పెగల్లేదు.

చాలాసేపటికి, కొసలు కలిపే దగ్గర, కోపాలమ్మ చెయ్యి వెనక్కి తీయలేదు.

"అన్నా, ఆ మాట అనకుండా ఉండాల్సింది. వదిన నాకు ఎంత చేసింది? మా చిన్నోడు పుట్టినప్పుడు రోజూ వచ్చి నీళ్ళు పోసింది. ఆవిడ మీద ఆ మాట అన్నాను. రాత్రంతా నిద్రపట్టలేదు."

పొడుగాయన దుప్పటిని ఆమె చేతుల్లోంచి తీసుకుని బల్లమీద పెట్టాడు. ఇంకో దుప్పటి అందుకున్నాడు. కొస ఆమెకిచ్చి వెనక్కి నడుస్తూ మధ్యలో ఆగిపోయాడు.

"నేను చూశాను" అన్నాడు.

"ఏంటి చూసింది?"

"ఎర్ర రగ్గు. నీ చేతుల్లో ఉన్న కుప్పలోంచి కొస వేలాడుతోంది. నువ్వు డ్రమ్ము దగ్గరికి వెళ్తుంటే చూశాను. ఒసేయ్ ఆగు అందామనుకున్నాను. నీతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను కదా, నోరు రాలేదు. పడనీ, దీని పొగరు అణుగుతుంది అనుకున్నాను."

కోపాలమ్మ చేతిలోని కొస జారి తడినేల మీద పడింది. మెడ నరాలు పొంగాయి. ఈ గది నిలబడేదీ, మళ్ళీ ఎవరి గోల వారిదయ్యేదీ ఇక్కడే తేలిపోతుందని మేస్త్రమ్మకు తెలుసు. జోక్యం చేసుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

"నా బిడ్డల నోటికాడ కూడు పోయేది, తెలుసా?" అంది కోపాలమ్మ.

"అంతదాకా వస్తుందనుకోలేదమ్మా. దుప్పట్లు పాడవుతాయి, నాలుగు చివాట్లు పడతాయి అనుకున్నాను. తప్పే. నిన్నట్నుంచి ముద్ద దిగడంలేదు."

ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చి, వంగి, నేలమీది కొస ఎత్తింది. "పట్టు. ముందు ఇది మడతపెడదాం. తిట్టడం తర్వాత తిడతాను" అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఈసారి కొసలు కలిపే దగ్గర పొడుగాయన వంగాడు.

మేస్త్రమ్మ వెనక్కి తిరిగి, పేర్చిన మడతలను అనవసరంగా మళ్ళీ సర్దింది. ఆమెకు ఏడుపూ వచ్చింది, పట్టరాని సంతోషమూ కలిగింది, వాటితోపాటు మేడమీది వాళ్ళ మీద మంచి కోపం కూడా వచ్చింది. పొద్దుటినుంచి ఉన్న భయం మాత్రం ఎటు పోయిందో పోయింది. తలగుడ్డ బిగించి కట్టుకుని మెట్లెక్కింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, కూర్చునేదాకా ఆగి, అప్పుడు అడిగాడు. ఆయన మీద కూడా అరిచేవాళ్ళు పైన ఉన్నారు.

"పేరు చెప్పండమ్మా."

"చెప్పను సార్."

"తెలియదా?"

"తెలుసు. తెలియదని అబద్ధమాడను. తెలుసు, చెప్పను."

ఆయన కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఒక్క పేరు చెబితే మీకీ తలనొప్పి ఉండదు కదా."

"ఒక్క పేరు చెబితే అది అబద్ధమవుతుంది సార్. వెతికాను. ఒక్క మనిషి దొరకలేదు. ఒకరు వేశారు, ఒకరు చూసి ఊరుకున్నారు. ఇంకొకరు వాళ్ళిద్దరి తగువూ తీర్చాల్సిన వేళకు మీ శిక్షణకొచ్చి బంతులు విసిరారు. ఇందులో ఎవరి పేరు కావాలి మీకు?"

"మూడోది మీరే కదా? అయితే మీ పేరే రాసుకుంటాను."

"రాసుకోండి. నేనూ చేశానని రాయండి, ఒప్పుకుంటాను. నేనొక్కదాన్నే చేశానని మాత్రం రాయొద్దు. దానికి సంతకం పెట్టను. వాళ్ళలో ఒక్కరే చేశారంటే అసలే పెట్టను."

"ఇది మొండితనం అమ్మా."

"అవును సార్. మొండితనమే."

ఆయన కలంతోనే మాట్లాడుతున్నట్టు, "అయితే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అన్నాడు.

"ఆ మాట నా మొహం చూసి చెప్పండి సార్. మా గదిలో మేం అలాగే చెప్పుకుంటాం."

మేనేజరు తలెత్తాడు. ముఖం ఎర్రబడింది. అదే మాట మళ్ళీ అన్నాడు గాని ఈసారి గొంతు సగం కూడా లేవలేదు. మేస్త్రమ్మ లేచి, "విన్నాను" అని, కుర్చీని మళ్ళీ బల్ల కిందికి జరిపి బయటికొచ్చింది.

కింద అందరూ పని ఆపి నిలబడి ఉన్నారు. ఆమె దాచకుండా చెప్పింది. "నన్ను రావద్దన్నారు. మీ జోలికి రాలేదు. నేనూ ఎవరి పేరూ చెప్పలేదు."

కుట్టుపిన్ని నోట్లో కొంగు కుక్కుకుంది. కోపాలమ్మ మెట్లవైపు దూసుకుపోతుంటే మేస్త్రమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు పైకెళ్ళి అరిస్తే నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. చన్నీళ్ళ తొట్టిలో ఆకుపచ్చవి నానుతున్నాయి. పొద్దున్నే తియ్యండి. ఎవరైనా అలిగితే దుప్పట్లు ఉండనే ఉన్నాయి." పొగబాబాయి తలపాగా తీసి గుమ్మంలో నిలబడ్డాడు. అది ప్రార్థన వేళ కాదు. ఆమె ఆయన భుజం తట్టి, సంచి చంకనేసుకుని, తల ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గేటు దాటాక అడుగు తీసి అడుగు వేస్తుంటే చప్పుడు తేడాగా ఉందనిపించి కిందికి చూసుకుంది. కాళ్ళకు రబ్బరు బూట్లే ఉన్నాయి. ఆస్పత్రి సొమ్ము. అంత పౌరుషంగా బయటికొచ్చి చెప్పులు మార్చుకోవడం మరిచిపోయింది. వెనక్కి వెళ్ళాలంటే మేనేజరు కిటికీ కిందనుంచే నడవాలి. బతిమాలడానికి వస్తోందనుకుంటాడు. ఆమె ఒక్క క్షణం నిలబడి, తనలో తను గట్టిగా నవ్వుకుని, ఆ బూట్లతోనే చప్పుడు చేసుకుంటూ ఇంటిదారి పట్టింది.

గదిలో, గుమ్మం పక్కన ఉండిపోయిన ఆమె చెప్పులను ముందు పొగబాబాయి చూశాడు. కోపాలమ్మ గబుక్కున వంగి చెప్పులు తీసుకోబోయింది. పరిగెత్తితే ఆమె బస్సెక్కేలోగా అందుకోవచ్చు. పొడుగాయన అడ్డం వచ్చాడు.

"ఉండనీ."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. చెప్పులను ఉన్నచోటే వదిలి లేచి నిలబడింది.

కాసేపటికి మేనేజరు దిగొచ్చాడు. మడతపెట్టి పేర్చిన గులాబీ దుప్పట్లను చూసి ఏదో అనబోయి మానుకున్నాడు. గొంతు సవరించుకుని, "రేపట్నుంచి ఇక్కడ ఎవరు పెద్దగా ఉంటారు? ముందుకు రండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"ఎవరో ఒకరు ఉండాలి కదా!"

"ఉన్నారు సార్" అన్నాడు పొడుగాయన.

"ఎవరు?"

"ఇంటికెళ్ళారు" అంది కోపాలమ్మ. "చెప్పులు ఇక్కడే ఉన్నాయి."

మేనేజరు ఆమె చూపించిన వైపు చూశాడు. తీసేయమంటే ఆ గదిలో ఎవరూ తీయరని అర్థమై, తనే వంగాలా వద్దా అని తేల్చుకోలేక, వచ్చిన దారినే మెట్లెక్కిపోయాడు. గుమ్మం పక్కన, ఒకదానికి మడమ అరిగి, ఇంకోదానికి తెగిన పట్టీ నల్లదారంతో కుట్టించుకుని, ఆ చెప్పులు గదిలోకి ముఖం పెట్టి ఉన్నాయి.